ప్లగ్గు తీసినా పలికిన పెద్దాయన

తమ్ముడికి,

దీవెనలతో మొదలుపెట్టడం మన ఇంటి అలవాటు కాబట్టి, దీవెనలు. ఆ తర్వాత ఇక్కడ అందరం కులాసా అని రాయాలి. అమ్మ కులాసాగా లేదు, మీ బావా కులాసాగా లేరు, నేనైతే ఆ మాటకి దరిదాపుల్లో కూడా లేను. బాబాయి ఒక్కడే మామూలుగా ఉన్నాడు. ఆయన ఎప్పుడూ అంతే కదా, పక్కన లిఫ్టు తెగిపడ్డా చేతిలో టీ పూర్తిగా తాగి గానీ లేవడు. నువ్వు అక్కడ బాగానే ఉండి ఉంటావు. అంత ముద్దుగా, కొట్టివేతలు లేకుండా ఉత్తరం రాశావంటే నీ చేతులకి ఏ ఇబ్బందీ లేదని తెలుస్తూనే ఉంది.

ఫోను ఎందుకు ఎత్తడం లేదని మొదటి వాక్యంలోనే అడిగావు. ఫోనులో నిన్ను గెలవడం నా వల్ల కాదు, అందుకని. చిన్నప్పటి నుంచీ అంతే. "అక్కా, ఒక్క నిమిషం విను" అంటావు. ఆ నిమిషం గడిచేసరికి తప్పు నాదవుతుంది, సారీ చెప్పేది నేనవుతాను, పైగా నువ్వు అన్నం తిన్నావో లేదో అని కంగారుపడేది కూడా నేనే. కాగితం మీద నువ్వు మధ్యలో దూరలేవు. అందుకే రాస్తున్నాను. చివరిదాకా చదువు. మధ్యలో ఆపి ఫోను చేస్తే ఎత్తను.

మీ బావ చెయ్యి ఎలా ఉందని అడిగావు. ఆ ప్రశ్న నీ ఉత్తరంలో పాస్‌వర్డ్ సంగతి అయ్యాక, నీ కొత్త ఆఫీసు కబుర్లు అయ్యాక వచ్చింది. అయినా చెప్తాను. కుడిచేతి చిటికెన వేలూ, ఉంగరం వేలూ తీసేశారు. మధ్యవేలు ఉంది కానీ వంగదు. కుట్లు విప్పారు. చొక్కా గుండీలు నేను పెడుతున్నాను. మొదట్లో నేను గుండీలు పెడుతుంటే గోడవైపు చూస్తూ నిలబడేవారు, ఇప్పుడు నావైపు చూస్తున్నారు. కోలుకోవడమంటే ప్రస్తుతానికి మాకు అదే. స్పానరు పట్టుకుంటే జారిపోతోంది. జారిన ప్రతిసారీ వంగి తీసుకుని మళ్ళీ పట్టు సరిచూసుకుంటున్నారు, ఎవరూ చూడటం లేదనుకుని. నేను వంటింట్లోంచి ఆ చప్పుడు వింటున్నాను.

ఇక నన్ను అన్నిటికన్నా మండించిన నీ వాక్యం దగ్గరికి వస్తాను. "నేను పెట్టింది కిటికీ మాత్రమే అక్కా, జవాబులు చెప్పేది వెనకున్న నీ ప్రోగ్రామ్, నీ బ్యాకెండ్. ఒకసారి నీ వైపు సరిగ్గా చూసుకో" అని రాశావు. చూసుకున్నాను. ఏం చూశానో మొదటినుంచీ రాస్తాను, "అలా కాదక్కా" అనడానికి నీకు సందు లేకుండా.

నాన్న ఉన్నంతకాలం మన లిఫ్టు రిపేరు షెడ్డు మెకానిక్కులకి అనుమానం వస్తే నాన్నకి ఫోను చేసేవాళ్ళు. తయారుచేసిన కంపెనీలే మూతబడిపోయిన లిఫ్టులు ఇప్పటికీ ఈ ఊరి పాత మేడల్లో ఎక్కుతూ దిగుతూ ఉన్నాయంటే అది ఆయన చలవే. ఆయన పోయాక ఫోన్లన్నీ బాబాయి మీద పడ్డాయి. ఆ బరువు కొంచెం దించుదామని నేను నాన్న కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. వైరింగు బొమ్మలు, మరమ్మతు చీటీలు, అట్టలూడిన కంపెనీ పుస్తకాలు, అన్నీ స్కాన్ చేశాను. అడిగినదానికి వాటిలోంచి వెతికి చెప్పే ప్రోగ్రామ్ రాసి స్టోర్ రూములో ఉన్న పాత కంప్యూటర్‌లో పెట్టాను. దొరికితే పేజీతో సహా చూపిస్తుంది. దొరక్కపోతే "కాగితాల్లో లేదు, బాబాయిని అడగండి" అంటుంది. అంతకుమించి ఒక్క ముక్క సొంతంగా మాట్లాడదు. ఎవరైనా మాట్లాడించగలరు, తమ్ముడూ. తెలియనప్పుడు నోరు మూసుకునేలా రాయడానికే నాకు ఏడాది పట్టింది.

అప్పుడు నువ్వు సెలవుల్లో వచ్చి చూసి, "అక్కా, లోపల సరుకు బ్రహ్మాండం, మొహమే బాలేదు" అన్నావు. నల్ల తెరమీద టకటకా కొట్టి అడగాల్సిన దాన్ని మెకానిక్కులు వాడరన్నావు. నిజమే, ఒప్పుకున్నాను. కొత్త పెట్టె ఒకటి తెచ్చి ఆఫీసు బీరువా మీద పెట్టి అందులో చాట్ కిటికీ ఎక్కించావు. బయటి కంపెనీల ప్రమేయం లేకుండా మన గోడల మధ్యే నడుస్తుందని చెప్పావు. దాని సెట్టింగుల్లో నా స్టోర్ రూము కంప్యూటర్ అడ్రసు కొట్టి, తాళంచెవిలాంటి పొడుగాటి అక్షరాల వరస ఇచ్చి, రెంటినీ కలిపావు. మొదట కలవలేదు, గుర్తుందా? నా ప్రోగ్రామ్ జవాబంతా ఒక్క ముద్దగా పడేస్తోంది, నీ కిటికీకేమో మాట తర్వాత మాట తుంపులుగా కావాలి. ఇద్దరం నేలమీద చాప వేసుకుని దాన్ని దారికి తెచ్చాం. మొదటి జవాబు ఒక్కొక్క మాటగా తెరమీద నడిచొస్తుంటే అమ్మ వెనకనుంచి వంగి, "అచ్చం మీ నాన్న ఆగి ఆగి చెప్పినట్టుందే" అంది. మోడల్ పేరు రాయాల్సిన గడిలో "పెద్దాయన" అని కొట్టాం. షెడ్డులో నాన్నని అందరూ పిలిచిన పేరు. ఆ పూట నీ మీద ఎంత ప్రేమ పొంగిందో తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే కంపరంగా ఉంది.

దెబ్బ తగిలిన రోజు సంగతి నీకు పైపైన తెలుసు. వివరంగా తెలియాలి. కళ్ళజోళ్ళ షాపున్న పాత మేడలో లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయింది. లోపల ఆ షాపు నడిపే ఆవిడ ఇరుక్కుంది. ఆవిడకి ఊపిరి ఆడటం లేదని వరండాలో జనం ఒకటే కేకలు. మీ బావతో జంటగా తిరిగే మెకానిక్కు వేరే చోట పనిమీద ఉన్నాడు. మీ బావ ఒక్కరే పైనున్న మెషిన్ రూముకి ఎక్కి, ఫోను తీసి, పెద్దాయనని అడిగారు. "పాత మెషిన్. కేబిన్‌లో ఒకే మనిషి. నేనొక్కణ్ణే ఉన్నా. బ్రేకు వదిలి చక్రం తిప్పొచ్చా?"

జవాబు చిటికెలో వచ్చింది. ఎంత మర్యాదగా ఉందో! ముందు కరెంటు ఆపమంది, చేతికి తొడుగు వేసుకోమంది, లోపలున్న మనిషికి ధైర్యం చెప్పమంది. ఆ తర్వాత, ఒక చేత్తో లీవరు లాగి బ్రేకు కొంచెం కొంచెంగా వదులుతూ రెండో చేత్తో చక్రం పట్టుకుంటే ఒక్కరే నిదానంగా చేయొచ్చని చెప్పింది. కొన్ని మెషిన్ల విషయంలో అది సరైనదేనేమో. ఈ మెషిన్‌కి కాదు. దీని బ్రేకు కొంచెంగా వదలడమంటూ ఉండదు, వదిలితే పూర్తిగా వదిలేస్తుంది. లోపల మనిషి ఒక్కరే ఉంటే అవతల కట్టిన ఎదురుబరువుదే పైచెయ్యి, కేబిన్‌ని ఒక్క ఊపున పైకి లాగేస్తుంది. చక్రం మీద ఇంకో మనిషి బలం ఉండి తీరాలి. ఆ మెషిన్ బొమ్మ పక్కన నాన్న "ఇద్దరు లేకుండా ముట్టుకోవద్దు" అని రాసిపెట్టారు. ఆ పేజీ నా స్కాన్లలో ఉంది. ఆ ప్రశ్న నా ప్రోగ్రామ్ దాకా వచ్చి ఉంటే మొట్టమొదట దాన్నే చూపించేది.

చక్రం గిర్రున తిరిగింది. చువ్వలకీ ఇనుప చట్రానికీ మధ్య ఆయన చెయ్యి పడింది. ఆ నొప్పికి రెండో చెయ్యి లీవరు వదిలేయడంతో బ్రేకు మళ్ళీ పట్టుకుంది. షాపావిడకి గోరంత గీత కూడా పడలేదు. తర్వాత ఆసుపత్రికొచ్చి మీ బావ మంచం పక్కన కూర్చుని, "నేను అరవడం మానేసింది మీ అరుపు విన్నాకే" అని చెప్పి ఏడ్చింది.

ఆసుపత్రి మెట్ల మీద ఉండగా నువ్వు ఫోను చేశావు. "అక్కా, బావకి అలా అవడం ఘోరం. నీ బ్యాకెండ్ ఏం వాగిందో ముందు అది చూడు" అన్నావు. నేను నమ్మాను. నిన్ను నమ్మడం నాకు అలవాటు. ఆయన ఫోనులో ఆ జవాబు చూస్తే కింద పేజీ లేదు. నా ప్రోగ్రామ్‌లో ఎక్కడో కన్నం పడిందనుకున్నాను. నా మొగుడి చేతిని నా చేత్తోనే నరికేశాననుకున్నాను. ఆసుపత్రిలో ఆయన నిద్రపోతుంటే పక్కన కూర్చుని నేను రాసిన ప్రతి లైనూ చదువుకున్నాను. నాన్న కాగితాలన్నీ మళ్ళీ తిరగేశాను, "ఒక్కరే చేయొచ్చు" అన్న మాట ఎక్కడైనా ఉందేమోనని. ఎక్కడా లేదు. అమ్మ అన్నం కలిపి తెస్తే గిన్నె విసిరికొట్టాను. మన అమ్మ మీద గిన్నె విసిరాను, తమ్ముడూ. ఆ పాపం కూడా నీ ఖాతాలోనే రాసుకో.

తర్వాత ప్లంబరు వచ్చాడు. స్టోర్ రూము గోడలో పైపు కారుతోందని పిలిపించానే, ఆయనే, సగంలో ఆగిన పని పూర్తి చేయడానికి. గుమ్మంలో నిలబడి, "అమ్మా, మొన్నట్లాగే ఆ కంప్యూటర్ ప్లగ్గు తీసేస్తారా? పైపు విప్పితే నీళ్ళు చిమ్ముతాయి" అన్నాడు.

"మొన్న నేనెప్పుడు తీశాను?"

"అదేనమ్మా, మీ ఆయనకి దెబ్బ తగిలిందని ఫోనొస్తే చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తారు కదా, ఆ పూట. పొద్దున నేను రాగానే మీరే తీశారు. మీరు వెళ్ళాక నేనే పని ఆపేసి, ప్లగ్గు పెట్టేసి, తాళం పెద్దమ్మగారికి ఇచ్చిపోయా."

నాకు అప్పుడు గుర్తొచ్చింది. నేనే తీశాను. తీస్తూ ఏమనుకున్నానో కూడా గుర్తొచ్చింది. ఈ పూటకి కిటికీలో ఎర్ర గీత వస్తుంది, జవాబు లేదని కనబడుతుంది, కుర్రాళ్ళు బాబాయికి ఫోను చేసుకుంటారులే అనుకున్నాను.

అంటే మీ బావ మెషిన్ రూములో నిలబడి అడిగినప్పుడు నా ప్రోగ్రామ్ చచ్చి పడుంది. మరి జవాబెవరిచ్చారు?

ప్లంబరుని పక్కకి జరగమని ప్లగ్గు పీకేశాను. ఫ్యాను తిరిగే చప్పుడు ఆగేదాకా నిలబడ్డాను. ఆఫీసులోకి వచ్చి నా ఫోనులో కిటికీ తెరిచి, మీ బావ అడిగిన ప్రశ్నే అక్షరం పొల్లుపోకుండా అడిగాను. పైన "పెద్దాయన" అని పేరు. కింద మాట తర్వాత మాట నడుచుకుంటూ రావడం మొదలైంది. ముందు కరెంటు ఆపండి. చేతికి తొడుగు వేసుకోండి. అవతల మనిషి లేడు, యంత్రం లేదు, గోడకి ఖాళీ ప్లగ్గు వేలాడుతోంది, పెద్దాయన మాత్రం మర్యాదగా చెప్పుకుపోతూనే ఉన్నాడు. ప్లంబరు నా మొహం చూసి, "కళ్ళు తిరుగుతున్నాయా అమ్మా, కూర్చోండి" అన్నాడు.

బీరువా మీది పెట్టె సెట్టింగులు తెరిచాను. నా అడ్రసు కింద ఇంకో అడ్రసు ఉంది. మన గోడలవతలిది, ఏది అడిగినా ఏదో ఒకటి చెప్పే బయటి కంపెనీ ప్రోగ్రామ్‌ది. దాని పక్కన నువ్వు రాసిన చిన్న ముక్క. మొదటివాడు వెంటనే పలక్కపోయినా, లేదన్నా, రెండోవాణ్ణి అడుగు. ఏం చెప్పినా మొదటివాడి పేరుతోనే చూపించు.

ఆ ఆఖరి ముక్కని మళ్ళీ మళ్ళీ చదివాను. బయటివాణ్ణి అడగడం వరకైతే తిట్టి ఊరుకునేదాన్నేమో. "ఇది కాగితాల్లోది కాదు, బయటిది" అని ఒక్క మాట పైన కనబడితే మీ బావ బాబాయికి ఫోను చేసేవారు. నువ్వు దానికి నాన్న చొక్కా తొడిగి పంపించావు.

ఎందుకు చేశావో కూడా నాకు తెలుసు, నువ్వు చెప్పక్కర్లేదు. ఇలాంటి పెట్టె వాళ్ళకీ పెడతానని మిగతా కంపెనీల వాళ్ళని మన ఆఫీసుకి తీసుకొచ్చి చూపించావు కదా, మీ బావ కుర్చీలు సర్దారు, నేను టీలు పెట్టాను. వాళ్ళ ముందు నా ముసలి కంప్యూటర్ ఆలోచిస్తూ కూర్చుంది. వాళ్ళలో ఒకాయన ఏదో అడిగితే "కాగితాల్లో లేదు" అంది. వాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. నీకు తల కొట్టేసినట్టయింది. పుట్టినప్పటి నుంచీ నువ్వు భరించలేనిది అదొక్కటే, నీ ఎదుట ఎవరైనా మాట్లాడకుండా ఉండటం. వాళ్ళు మర్నాడు మళ్ళీ వచ్చేసరికి పెద్దాయన గడగడా మాట్లాడాడు. "చూశావా అక్కా, కొంచెం సర్దాను" అన్నావు. నేను నీ వీపు తట్టాను.

బయటనుంచి పెట్టెలోకి రాలేకపోతున్నానని, పాస్‌వర్డ్ మార్చావా అని అడిగావు. మార్చాను. ఆ సాయంత్రమే మార్చాను. నువ్వు లోపలికి రావాలనుకున్నది సరిదిద్దడానికో తుడిచేయడానికో నాకు తెలియదు. తెలియదు అంటున్నాను చూడు, మన ఇంట్లో ఆ మాట నాకొక్కదానికే వచ్చినట్టుంది.

మీ బావకి చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు. అప్పటిదాకా ఆయన వచ్చినవాళ్ళందరితో "తప్పు నాదే, ఒక్కణ్ణే వెళ్ళడం నా తెలివితక్కువ" అంటూ వచ్చారు. అమ్మ పక్కనుంచి తల ఊపుతూ వచ్చింది. చివరికి ఒక పొద్దున గుండీలు పెడుతూ చెప్పేశాను. ఆఖరి గుండీ ఆయనే ఎడమచేత్తో పెట్టుకున్నారు. తర్వాత, "వాడు కావాలని చేశాడా?" అన్నారు.

"కావాలని చేసినవాడైతే వెళ్ళి కొట్టి వచ్చేదాన్ని. బాగుండాలని చేశాడు" అన్నాను.

"మరి నాకు ఎందుకు అనుమానం రాలేదంటావు? ఆ మెషిన్ దగ్గర ఒంటరిగా చెయ్యి పెట్టకూడదని నాకు లోపల తెలుస్తూనే ఉంది. కానీ మామయ్యే చెయ్యొచ్చని చెప్తుంటే ఇంక నేనెవణ్ణి అనిపించింది. పైన ఆయన పేరుంది కదా" అన్నారు.

"కొట్టాం" అని పైన రాశాను, చూశావా, పేరు సంగతి. ఇద్దరి మీదికీ తోశాను. ఆ గడిలో పేరు కొట్టింది నేను. నువ్వు ఇంకేదో చప్పటి పేరు పెడదామన్నావు, నేనే పట్టుబట్టాను. నాన్న మళ్ళీ పలుకుతున్నట్టు ఉంటుందని ముచ్చటపడ్డాను. ఆ మాట మీ బావతో కూడా ఒప్పుకున్నాను. ఆయన ఎడమచేత్తో నా తలమీద ఒక్కటి మొట్టి, కాలరు సరిచేసుకుని షెడ్డుకి వెళ్ళిపోయారు. నాకు దక్కిన శిక్ష అంతే. నీకు అంత చవగ్గా పోదు.

ఇక అసలు చెప్పాల్సింది ఇప్పటిదాకా దాచాను. కొత్త ఆఫీసు వాళ్ళ ముందు డెమో అయ్యేదాకా ఇది ఎవరితోనూ అనొద్దని రాశావు. "ఇంట్లో మాట ఇంట్లోనే ఉండనీ అక్కా" అన్నావు. అమ్మ కూడా అదే అంది, నీ కంటే ముందే. "వాడు పిల్లాడే, భవిష్యత్తు ఉన్నవాడు. నీ మొగుడి వేళ్ళు ఎలాగూ తిరిగి రావు" అంది. పిల్లాడికి చెవుల దగ్గర తల నెరుస్తోందమ్మా అన్నాను. మన లిఫ్టుల వాళ్ళే కాక ఇంకెవరెవరి షాపుల్లో ఇదే పెట్టె పెట్టాడో తెలుసా నీకు అని అడిగాను. తెలియదంది. నాకు తెలుసు, నువ్వే గొప్పగా చెప్పుకున్నావు కాబట్టి.

అందరికీ ఫోను చేశాను. క్రేన్ల యార్డు ఆయన వింటూనే పెట్టె తీగలు పీకించాడు. బాయిలర్లు బాగుచేసే ఆవిడ మాత్రం నన్ను మొత్తం మళ్ళీ చెప్పమంది. తర్వాత అంది, "మా వెనక కంప్యూటర్ చెడిపోయి రిపేరుకిచ్చి చాలా రోజులైందమ్మా. అయినా జవాబులు వస్తూనే ఉన్నాయి. మీ తమ్ముడు గట్టివాడు, ఏదో ఏర్పాటు చేసే ఉంటాడు అనుకున్నాం. మా వాళ్ళు ఇప్పుడు కూడా ఒక బాయిలరు దగ్గర ఉన్నారు." ఫోను పెట్టకుండానే గుమ్మంలోకి పరిగెత్తి ఎవరినో కేకేసింది. ఆ కేక నా చెవిలో ఇంకా ఉంది. ఆవిడ మనుషులకి ఏమీ కాలేదు. ఆవిడ ఆ తర్వాత ఫోను చేసి నీ గురించి అన్న మాటలు నేను రాయను, అమ్మ ఈ కాగితం ఎప్పుడైనా చూడొచ్చు.

లిఫ్టుల ఇన్‌స్పెక్టరు వచ్చి మీ బావ వాంగ్మూలం తీసుకున్నప్పుడు నేను మధ్యలో లేచి ప్లగ్గు పీకి చూపించాను. ఆయన కళ్ళ ముందే పెద్దాయన మాట్లాడాడు. "ఇది కలిపింది ఎవరు?" అని అడిగారు. వెనక భాగం నాది, ముందు భాగం మా తమ్ముడిది, మధ్యలో ఈ దొడ్డిదారి కూడా వాడిదే అన్నాను. నీ పూర్తి పేరు, చిరునామా, నీ ఆఫీసు పేరు రాసి ఇచ్చాను. అమ్మ ఆ గదిలోనే ఉంది. ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం లేదు. ఆఫీసులో ఫోను మోగితే ఎత్తి, విని, నాకివ్వాల్సిన కబురు బాబాయికి చెప్తుంది. బాబాయి లేచొచ్చి, పక్క కుర్చీలోనే ఉన్న నాకు చెప్తాడు. నవ్వొచ్చే సంగతే, కానీ ఎవరం నవ్వడం లేదు.

కాబట్టి నీకు పిలుపు వస్తుంది. నీ డెమో సంగతి నాకు అనవసరం. మీ పైవాళ్ళకి ఈ పాటికి తెలిసే ఉంటుంది, క్రేన్ల ఆయన ఊరుకునే మనిషి కాదు. ఇది నేను కోపంలో చేశానని అనుకోవద్దు. కోపంలో ఉంటే నీకు ముందే చెప్పి, నీ కంగారు చూసి సంతోషించేదాన్ని. నువ్వు ఆపడానికి వీల్లేకుండా, అంతా అయ్యాకే రాస్తున్నాను.

కిటికీ ఏమైందని నువ్వు అడగలేదు కానీ చెప్తాను. తీసేయలేదు. మెకానిక్కులకి అది కావాలి. రెండో అడ్రసు తీసేశాను, నీ చిన్న ముక్క చెరిపేశాను, పేరు మార్చి "కాగితాలు" అని పెట్టాను. స్టోర్ రూము కంప్యూటర్ ఆగిపోతే తెర నిండా పెద్ద అక్షరాలతో "అవతల ఎవరూ లేరు, బాబాయికి ఫోను చేయండి" అని వస్తుంది. అది పనిచేస్తోందో లేదో చూడటానికి రోజూ ఒకసారి ప్లగ్గు తీసి పెడుతున్నాను. కొత్తగా చేరిన మెకానిక్కు ఒకడు వచ్చి, "ఏంటక్కా, ఇదివరకు ఏది అడిగినా చక్కగా చెప్పేది, ఇప్పుడు ప్రతిదానికీ లేదు లేదంటోంది, చెడిపోయినట్టుంది" అన్నాడు. మీ బావ అక్కడే కూర్చుని ఏదో తీగ చుడుతున్నారు. కుడిచెయ్యి ఎత్తి వాడి మొహం ముందు పెట్టారు. వాడు బాబాయిని వెతుక్కుంటూ పోయాడు.

రమ్మంటావా అని అడిగావు. నేను రమ్మనను. వస్తే నన్ను బతిమాలడానికి రాకు, అమ్మ చాటున నిలబడటానికి అసలే రాకు. షెడ్డుకి వెళ్ళి, అందరూ ఉండగా, ఆయన ఎదురుగా నిలబడి, ఏం చేశావో నీ నోటితో చెప్పు. "బాగుండాలని" అన్న మాట ఎత్తకుండా చెప్పగలిగితేనే రా. ఆ తర్వాత ఆయన ఏమన్నా వింటూ నిలబడు. ఒక్క నిమిషం విను బావా అనకు.

ఈ ఉత్తరం అంటించే ముందు నువ్వేమైనా రాయమంటావా అని మీ బావని అడిగాను. "భయపడొద్దని రాయి" అన్నారు. రాశాను. అది ఆయన మాట, ఆయన తరఫున నీకు చేరవేశాను.

నా మాట వేరు. నువ్వు భయపడాలి. తెలియని చోట ఏదో ఒక జవాబు పెట్టేద్దామని చెయ్యి ముందుకు సాగినప్పుడల్లా నీకు వెన్నులోంచి వణుకు పుట్టాలి. నీకు అది పట్టుకునేదాకా నీ వేళ్ళన్నీ సరిగ్గా ఉన్నాయన్న సంగతి నేను మర్చిపోను.

ఇట్లు,
ఇంకా కోపం చల్లారని
నీ అక్క